రెండు బీరు పెట్టెల ఇంజన్

డెస్లీ కారు ఇంజన్ పోయిందన్న కబురు ఆస్ట్రేలియాలోని టువూంబా ఊళ్ళో అందరికంటే ముందు వాళ్ళన్నయ్య ఎరల్‌కి చేరింది. అందరికంటే ఎక్కువ సంతోషించినవాడూ ఆయనే. స్కూలు బస్సు నడిపే యాభై ఎనిమిదేళ్ళ డెస్లీ, కారు రేసుల సరదాలో టర్బోతో ఇంజన్‌కి గాలి ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పెంచి పిస్టన్ కరిగించుకుంది. తప్పు తనదేనని వెంటనే ఒప్పుకుంది కూడా. అది ఎరల్‌కి నచ్చలేదు. దెప్పడానికి సగం సరుకు తగ్గిపోయింది.

ఎరల్‌కి సొంత మెకానిక్ షెడ్డుంది. చెల్లెలి ఎర్ర ఫాల్కన్ కారు మీద ఎనిమిదేళ్ళుగా ఆయన కన్ను. కొత్త ఇంజన్ కారు ధరనే మించుతుంది, ఉన్నదున్నట్టు నాకమ్మెయ్ అన్నాడు. డెస్లీ వినలేదు. తుక్కు యార్డులో ఆరు లక్షల కిలోమీటర్లు తిరిగిన ఫాల్కన్ గ్యాస్ టాక్సీ ఒకటి చూసి, దాని ఇంజన్‌ను రెండు బీరు పెట్టెలిచ్చి తెచ్చుకుంది.

"పిండి కొద్దీ రొట్టె, అమ్మాయ్. దాన్ని రేసుకి తీసుకెళితే దారిలో చెయ్యెత్తిన ప్రతివాడి దగ్గరా ఆగుతుంది" అన్నాడు ఎరల్.

మాటా మాటా పెరిగి పందెం దాకా వెళ్ళింది. పక్క ఊరు వార్విక్‌లో కారు పోటీల రోజున కారు మూడు పరుగులూ పూర్తిచేసి, తన చక్రాల మీదే ఇల్లు చేరాలి. చేరకపోతే ఎరల్ చెప్పిన ధరకి అమ్మెయ్యాలి. చేరితే ఏమివ్వాలో ఎరల్ చెప్పలేదు. అంతదూరం ఆలోచించే అవసరం ఆయనకి కనపడలేదు.

చిన్నప్పుడు నాన్న షెడ్డులో పానాలు ఎరల్‌వి, లైటు డెస్లీది. పదేళ్ళు పట్టుకుంది. "లైటు ఇటు, నా మొహం మీద కాదు" అని మొదట నాన్న, తర్వాత నాన్న గొంతు అరువు తెచ్చుకుని ఎరల్ విసుక్కునేవారు. ఆమె చేతికి నట్టు బిగించే పని ఎప్పుడూ రాలేదు. కళ్ళు మాత్రం ఊరుకుంటాయా? గ్యాస్ మీద నడిచే ఇంజన్‌లో ఆయిల్ మురికిపట్టదనీ, పొద్దస్తమానం తిరిగే టాక్సీకి చల్లారే తీరికుండదు కాబట్టి అరుగుదల తక్కువనీ ఆ లైటు వెలుగులోనే నేర్చుకుంది. విప్పి చూస్తే నిజమే. సిలిండర్ గోడల మీద కొత్తలో ఫ్యాక్టరీవాళ్ళు గీసిన సన్నటి గీతలు ఇంకా చెరగలేదు.

తలకి లైటు కట్టుకుని మూడు నెలలు ఒక్కతే కూర్చుంది. కొత్త స్ప్రింగులు, కొత్త గాస్కెట్ వేసి, చచ్చిన ఇంజన్ మీది టర్బో దీనికి తగిలించింది. ఈసారి గాలి దగ్గర బుద్ధిగా ఉంది. కారు పోతుందన్న భయం లేకపోలేదు. కానీ అన్నయ్య నోట ఒక్కసారి మెప్పు వినాలన్న ఆశ దానికంటే పెద్దది. అరవై దగ్గరపడుతున్నా ఆ ఆశకి సిగ్గు లేదు.

పోటీల రోజున ఎరల్ చెడిపోయిన కార్లని లాక్కెళ్ళే తన ట్రక్కుతో దిగాడు. వస్తూ వస్తూ ఓ పాత టాక్సీ బోర్డు తెచ్చి ఫాల్కన్ నెత్తిన అతికించాడు. డెస్లీ దాన్ని పీకలేదు. మొదటి పరుగుకి జనం టాక్సీ, టాక్సీ అంటూ చేతులూపారు. రెండో పరుగుకి చేతులు దిగాయి. మూడోసారి కారు చుట్టూ తెల్లటి పొగ లేచేసరికి ఎరల్ గబగబా గొలుసు తీశాడు. తీరా అది టైర్ల పొగ. గొలుసు మళ్ళీ చుట్టి పెట్టుకున్నాడు.

ఇక ఇల్లు చేరడమే మిగిలింది. ట్రక్కు గద్దలా వెనకే వచ్చింది. దారిలో నాబీ అనే ఊరు దాటాక డెస్లీ అద్దంలో చూస్తే అది లేదు. వెనక్కి తిప్పుకుని వెళ్ళేసరికి, మసక చీకట్లో ట్రక్కు బానెట్ ఎత్తి ఉంది, ఆవిరి కక్కుతోంది. పక్కన ఎరల్ నిలబడి ఉన్నాడు.

"నీళ్ళ గొట్టం ఊడింది" అన్నాడు. "నిన్నే కొత్తది వేశాను, నిన్ను లాగాల్సొస్తుందని. అడుగున క్లిప్పు సరిగా కనపడి చావలేదు."

"లైటు పట్టుకునేవాళ్ళు లేరు కదా పాపం" అంది డెస్లీ, తలకి లైటు కట్టుకుని, స్క్రూడ్రైవర్‌తో కారు దిగుతూ.

ఎరల్ స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాపాడు. ఆమె తలకున్న లైటు తీసి ఆ చేతిలో పెట్టి, స్క్రూడ్రైవర్‌తో తనే ట్రక్కు కిందికి దూరింది. ఎరల్ వంగి లైటు పట్టుకున్నాడు. రోడ్డు పక్కన ఆపిన ఫాల్కన్‌లో ఇంజన్ తొణక్కుండా బెణక్కుండా నెమ్మదిగా నడుస్తూనే ఉంది. ఆయన చాలాసేపు దాని చప్పుడే విన్నాడు.

"ఇంజన్ బాగా బిగించావే, డెస్లీ."

కింద చేతులు ఆగిపోయాయి. ఏమైందో చూద్దామని ఎరల్ లైటు అటు తిప్పాడు.

"లైటు ఇటు పట్టు అన్నయ్యా" అంది డెస్లీ, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "నా మొహం మీద కాదు."