ఎడమ చెవిన పడ్డ అద్దం

గది కప్పు మీద అరచేయంత వెలుగు ముక్క వణుకుతోంది. డాక్టరమ్మ చేతి గడియారం మీద ఎండ పడి ఎగిరిన ముక్క.

"మీకిప్పుడు కావాల్సింది అద్దం. అది మీరే వెతుక్కోవాలి" అందావిడ.

ఆవిడ కూర్చున్నది అతని ఎడమ పక్క. ఇరవై ఏళ్లు సానరాయి పక్కన నిలబడి అరిగిపోయిన చెవి వైపు.

ఒళ్లు మండింది అతనికి.

అద్దాలు కోసేవాడికి అద్దం కావాలట.

తమ్ముడు పోయి నలభై రోజులు. పైకెత్తిన అద్దం పలక... పట్టీ తెగి మీద పడింది. పట్టీ తెగింది, తమ్ముడు పోయాడు. మేనేజరుకు ఏమీ తెగలేదు, ఏమీ పోలేదు. కాగితం మాత్రం రాయించాడు— ప్రమాదం పనివాడి పరాకు వల్ల అని.

పరాకు.

రాజులకైతే బహుపరాకు. కూలీలకు ఒట్టి పరాకు.

ఆ కాగితం మీద అన్నగా ఇతనే సాక్షి సంతకం పెట్టాలి. పెట్టనని బల్ల తన్నాడు. కోపం తగ్గించుకున్నాకే పనిలోకి రమ్మని ఈ మనసు డాక్టరు దగ్గరికి తోలారు.

మొదటి వారం ఆవిడ చావు గురించి అడిగింది. "నన్నడుగుతారేం, పోయినవాణ్ణి అడగండి" అన్నాడు. రెండో వారం ఒంటరితనం అంది. ఇంటినిండా జనమే, ఒక్కడే తక్కువ అన్నాడు. మూడో వారం బాధ్యత అంది.

"అందులో ముందున్నది బాధే గదమ్మా."

ఆవిడ నవ్వలేదు. "వెనకున్నదాని సంగతేంటి మరి?"

నాలుగో వారం, ఇదిగో— అద్దం.

పంతానికి కోశాడు. ఇంటి వాకిట్లో, ముఖమంత. అంచులు సాన పట్టాడు. తీసుకెళ్లి ఆవిడ మొహాన పెట్టాలని ఎండలోకి ఎత్తాడు.

ముందు తన మొహమే కనబడింది.

ఆ మొహానికి తెలుసు. పట్టీకి పోగులు లేచాయని వారం ముందే తెలుసు. తమ్ముడే చూపించాడు.

"అన్నయ్యా, ఇది తెగేలా ఉంది."

"అయితే తెగేదాకా లాగకు."

జోకు. ఇద్దరూ నవ్వారు. అద్దంలో ఆ నవ్వు ఇంకా ఉంది...

నలభై రోజులు ఊరంతా తిరిగిన కోపం ఇంటికొచ్చింది.

అద్దం తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు పెట్టాడు. ఆవిడ చాలాసేపు దాన్నే చూసింది. లేచి, అతని కుడి పక్కకొచ్చి కూర్చుని, ఒక్క మాట చెప్పింది.

అక్కణ్ణించి తిన్నగా కార్ఖానాకు వెళ్లాడు. సానరాళ్ల పక్కనే ఉన్న మేనేజరు బల్ల మీద అద్దం నిలబెట్టాడు.

"ఏంటయ్యా ఇది?"

"చూసుకోండి సార్. పట్టీ సంగతి మీకు తెలుసు. నాకూ తెలుసు. వేరే కాగితం తీయండి. తెలిసినవాళ్లలో ముందు నా పేరు రాస్తా. కిందే మీది."

సానరాళ్లు ఒక్కొక్కటే ఆగాయి.

"ఇంతకీ అద్దమెందుకు బాబాయ్?" అంది ప్యాకింగ్ పిల్ల.

అక్కడ అందరివీ అరిగిన చెవులే. గట్టిగా చెప్పాడు.

"డాక్టరమ్మ అన్నది అర్థం. నీ బతుక్కి అర్థం వెతుక్కో అంది. ఈ పాడు చెవి అద్దం అని విన్నది."

ఎవరో నవ్వబోయి ఆగారు.

"అద్దం దొరికింది. అర్థమే..."

మేనేజరు అద్దం వంక చూడలేదు. సొరుగులోంచి తీసిన కొత్త కాగితం బల్ల మీద తెల్లగా ఉంది.

కార్ఖానా కప్పు మీద, తెగిన పట్టీ ఇంకా వేలాడుతున్న కొక్కెం పక్కన— ముఖమంత వెలుగు ముక్క వణుకుతోంది.