రోట్లో అయిదు వేళ్ళు

నా పేరు పెట్టకమ్మా అడోమా. “ఆమె మొగుడు” అని రాయి, చాలు. మీ నానమ్మ పేరు మాత్రం పెట్టు, సెర్వా అని. నెమ్మదిగా చెప్తాను, నెమ్మదిగానే రాయి.

కుమాసీ ఊళ్ళో ఆ శనివారం మధ్యాహ్నం సెర్వా రోలు పక్కన చిన్న పీట మీద కూర్చుని, మధ్యాహ్నం తినే ఫుఫు ముద్ద తిప్పుతోంది. ఆమె మొగుడు నిలబడి దంచుతున్నాడు. ఉడికిన కర్రపెండలం ముద్ద మీద రోకలి పడుతుంది, లేస్తుంది. మళ్ళీ పడేలోపు ఆమె తడిచేత్తో ముద్దని మడిచి చెయ్యి తీసెయ్యాలి. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా తలెత్తి రోకలి వంక చూడలేదు. ఆ పని చెవులే చూసుకునేవి. ఆ రోజు మాత్రం చూసింది. ఎందుకంటే మొగుడు అప్పుడే అడిగాడు.

“గురువారాలు ఎక్కడికెళ్తున్నావు?”

దబ్.

“సంతకి.”

“సంతకా? ఆ తెల్లగేటు ఇంట్లో ఏం కూరగాయలు అమ్ముతున్నారేం? నన్ను చూసి మా పనిచోట లారీ షెడ్డంతా నవ్వుతోంది.”

తెల్లగేటు ఇంట్లో ఉండేది లాంప్టీ టీచరమ్మ. ముసలావిడ, పియానో నేర్పుతుంది. ఎనిమిది నెలలుగా సెర్వా ఆవిడ బట్టలు ఇస్త్రీ చేసిపెట్టి అరగంట పాఠం చెప్పించుకుంటోంది. ఆ మాట అనేస్తే అయిపోయేదే. కానీ నోరు ఎలా వస్తుంది? పెళ్ళయిన కొత్తల్లో చర్చిలో పియానో దగ్గర నిలబడి చూస్తుంటే, “ఆ వేళ్ళతో నాలుగు గిన్నెలు తోమొచ్చు” అంది అత్తగారు. “మా ఆవిడ దొరసాని అవుతుందట!” అని మొగుడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు తర్వాత సెర్వా గిన్నె అంచు మీద, ఇస్త్రీ బల్ల మీద, పడుకున్న బిడ్డ వీపు మీద ఎవరూ చూడకుండా వేళ్ళు ఆడించుకునేది. రేపు ఆదివారం చర్చిలో మొట్టమొదటిసారి వాయించాలి. రెండు కీర్తనలు. పది వేళ్ళూ కావాలి.

ఆ పదింట్లో అయిదు ఇప్పుడు రోట్లో ఉన్నాయి.

చెయ్యి తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. తియ్యకపోతే? “తప్పు పడ్డా ఆగకు సెర్వా, లెక్కపెట్టుకుంటూ పో” అనేది టీచరమ్మ. ఒకటి, రెండు. ఒకటి, రెండు. రోకలి చప్పుడు బరువెక్కుతోంది.

“ఎవడున్నాడు ఆ ఇంట్లో?”

ఒకటి. రెండు రాకముందే రోకలి దిగింది.

చిటికెనవేలి గోరు చీరుకుపోయింది. తెల్లటి ముద్ద మీద ఎర్రచుక్క. మొగుడు రోకలి పట్టుకుని అలాగే నిలబడి, “జారింది” అన్నాడు.

సెర్వా ఏడవలేదు. వేలు నీళ్ళలో ముంచింది, గుడ్డపీలిక చుట్టింది. ఆ ముద్ద పారేసి ఉడికిన ముక్కలు మళ్ళీ వేసింది. లేచి నిలబడింది.

“రోకలి ఇలా ఇయ్యి. నువ్వు కూర్చుని తిప్పు.”

“మగాడు తిప్పడమేంటే? పక్కింటివాళ్ళు నవ్వుతారు.”

“నవ్వనీ. షెడ్డువాళ్ళు ఎలాగూ నవ్వుతున్నారుగా. గురువారాల సంగతి కావాలన్నావు. చెయ్యి పెట్టు, చెప్తాను.”

అతను చెయ్యి పెట్టాడు. ఆమె దంచుతూ చెప్పింది. టీచరమ్మ గురించి, ఇస్త్రీ గురించి, రేపటి కీర్తనల గురించి. ఒక్కో మాటకి ఒక్కో పోటు. ఆ రోజు దాకా ఆమె చూడని రోకలిని అతను కన్నార్పకుండా చూస్తూనే ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. ఒక్క పోటు కూడా లెక్క తప్పలేదు.

“ఇకనించి మనింట్లో దంచేది నేనే” అంది చివరికి.

మర్నాడు చిటికెనవేలు పైకెత్తిపెట్టి తొమ్మిది వేళ్ళతో వాయించింది.

నలభై ఏళ్ళయిందమ్మా. అప్పుడామె గుండెలో ఏముందో తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. నా గుండెలో ఏముందో ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈరోజు గురువారం కదా, పిల్లలకి పియానో పాఠం చెప్పడానికి వెళ్ళింది. వచ్చాక ఇది ఆమెకి చదివి వినిపించు. “జారింది” అన్న మాట కొట్టేసి, అక్కడ నా పేరు పెట్టు. రోకలి జారలేదు, అపియా కావాలనే దించాడు అని రాయి. నేను పెరట్లో కూర్చుంటాను. నా వంక చూసి ఆగిపోకు, చదువుకుంటూ పో.