అటక మీద గీజర్

బావమరుదులు అతనికి పెట్టిన పేరు ఇంజనీరు. చేసేది మాత్రం కళ్ళజోళ్ళ దుకాణంలో పని. అంత చిన్న మరలు బిగించే చేతికి ఇంట్లో ఏ మరైనా లొంగి తీరాల్సిందేనని అతని నమ్మకం. మిక్సీ మొరాయించినా, ఫ్యాను మూలిగినా మెకానిక్కుకి ఆ ఇంటి గుమ్మం తొక్కే యోగం ఉండేది కాదు. అతను విప్పిన వస్తువుల్లో సగం బాగుపడ్డాయి. మిగతా సగం ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

అలాంటి మనిషి స్నానాలగది పైన అటక మీద పాత గీజర్ బిగించి, తలుపు పక్కన స్విచ్ పెట్టాక ఊరుకుంటాడా? కూతురు పాపకీ, వచ్చినవాళ్ళందరికీ నొక్కి మరీ చూపించాడు. నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, నీళ్ళు కాగుతాయి. ఆపితే దీపం ఆరిపోతుంది. ఇంకేం కావాలి?

కొన్నాళ్ళకి భార్య వచ్చి చెప్పింది. "కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందండీ."

"స్విచ్ ఆపే వెళ్ళావా?"

"ఆపే వెళ్ళాను."

"ఆపాక కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందే? నీ చేతుల్లోంచా?" అని పకపకా నవ్వాడు.

అక్కడితో వదిలాడా, లేదు. ఆవిడ తమ్ముళ్ళు వచ్చినప్పుడు, మీ అక్కయ్య చేతుల్లో కరెంటు పుడుతోందర్రా అని వాళ్ళనీ నవ్వించాడు. ఆవిడ ఇంకో రెండుసార్లు చెప్పి చూసింది. తర్వాత చెప్పడం మానేసింది. మానేసిందంటే భ్రమ వదిలిందని అతను సంతోషించాడు. భార్య నోరు మూసుకుంటే తాము గెలిచామనుకునే మొగుళ్ళకి కొదవా?

ఒక సెలవురోజు పొద్దున ఆవిడ కాఫీ గ్లాసు అతని ముందు పెట్టి, "ఎలక్ట్రీషియన్ని రమ్మన్నాను. సాయంత్రం వస్తాడు" అంది.

అతనికి ఒళ్ళు మండిపోయింది. నా వైరింగుని ఇంకొకడు విప్పి చూడటమా? వాడొచ్చేలోపే టెస్టర్ పెట్టి నిజం తేల్చేస్తానని స్టూలు ఎక్కాడు.

ఆ అటక మనుషుల కోసం కట్టింది కాదు. గీజర్‌కి, గోడకి మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి పాక్కుంటూ పోవడానికే చోటుంది. తీగలు కలిపిన మూత పోయిపోయి అవతలి కొసన, గోడవైపు ఉంది. అలా బిగించిన ఘనుడూ అతనే. పాక్కుంటూ వెళ్తుంటే మోచేతికి ఏదో చురుక్కుమంది. గోడకి కొట్టుకున్నాననుకున్నాడు.

"స్విచ్ ఆఫేగా?" అని కిందికి కేకేశాడు.

"ఆఫే."

మూత విప్పి ఒక మర మీద టెస్టర్ పెట్టాడు. వెలిగింది. రెండో మర మీద పెట్టాడు. అదీ వెలిగింది. టెస్టర్‌ని చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాడు. వస్తువుని తుడిస్తే నిజం మారుతుందా? ఈసారి గీజర్ రేకు మీదే, రంగు పెచ్చులూడిన చోట ఆనించాడు. అక్కడా దీపం చక్కగా వెలిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో మిగిలిన నల్లతీగే రెండింటికీ వాడాడు. ఏది ఏదో తెలియడానికి ఒకదానికి టేపు చుట్టాడు. టేపు చుట్టింది కరెంటు తెచ్చే తీగకా, తిరిగి వెళ్ళే తీగకా అన్నది స్విచ్ దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాడు. రెంటిలో ఏది తెంపినా గీజర్ ఆగుతుంది కదా, చేతికొచ్చినదాన్ని స్విచ్‌కి కలిపి నొక్కాడు, పనిచేసింది, మురిసిపోయాడు. తిరిగి వెళ్ళే తీగకి స్విచ్ పెడితే నీళ్ళు కాగడం ఆగుతుంది గానీ కరెంటు మాత్రం గీజర్‌లోనే కాచుకుని కూర్చుని, పాత రేకులోకీ పాకుతుంది. ప్రాణం కాపాడాల్సిన ఆకుపచ్చ ఎర్త్ తీగ పొడవు చాలక చుట్టచుట్టి వదిలేశాడు. అదిగో, కళ్ళముందే వేలాడుతోంది.

పాకే దారికి అడ్డంగా గోడ, వీపు వెనక గోడ, తల పైన కప్పు, రొమ్ముకి బెత్తెడు దూరంలో గీజర్. బయటపడాలంటే దాన్ని రాసుకుంటూ వెనక్కి పాకాలి. వచ్చేటప్పుడు చొక్కా పొడిగా ఉంది. ఇప్పుడు పిండితే చెమట కారేలా ఉంది. భయం వేసింది, మామూలు భయం కాదు.

మెయిన్ ఆపమని ఒక్క మాట అంటే చాలు. మెయిన్ స్విచ్ వంటింటి తలుపు వెనకే ఉంది. కానీ ఆ మాట అంటే ఓడినట్టేగా.

"ఒసేయ్, ఓసారి మెయిన్ ఆపు" అన్నాడు చివరికి, తేలిగ్గా అన్నట్టు. "ఇక్కడంతా దుమ్ముగా ఉంది."

"దుమ్ముకి మెయిన్ ఎందుకండీ?"

"ఊరికే, జాగ్రత్తకి."

"స్విచ్ ఆపేశాగా. ఇంకెక్కణ్ణుంచి వస్తుంది?"

వెటకారం లేదు ఆ గొంతులో. అతను నేర్పిన పాఠమే ఆవిడ అప్పజెప్పింది. అదే అతన్ని ఎక్కువ కోసింది.

ఇంతలో మడిచిపెట్టిన కాలికి పిక్క పట్టేసింది. చాపితే రేకుకి తగులుతుంది. చాపకపోతే నొప్పికి కాలు దానంతటదే తన్నుకునేలా ఉంది. పళ్ళు బిగించి చూశాడు. ఇక వశం కాలేదు.

"స్విచ్ ఆపినా వస్తోందే!" అని అరిచాడు. "తీగ తప్పు కలిపింది నేనే. నువ్వన్నది నిజం. మెయిన్ ఆపు, చచ్చిపోతాను!"

పరుగెత్తిన అడుగుల చప్పుడు వినిపించింది. హాల్లో ఫ్యాను తిరగడం ఆగింది. "ఆపేశాను, దిగండి" అంటూ ఆవిడ స్టూలు దగ్గరికొచ్చింది.

అతను టెస్టర్ పెట్టి చూశాడు. వెలగలేదు. కాలు చాపుకుని ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో కింద కుళాయి గుర్తొచ్చింది.

"పాప..." అన్నాడు. "పాప ఎప్పుడైనా ఆ కుళాయి..."

"ఓసారి ముట్టుకుని ఏడుస్తూ బయటికొచ్చింది. అప్పట్నుంచి పొయ్యి మీద నీళ్ళు కాచి పెరట్లోనే పోస్తున్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"



"పాప చెబుతానంది. నేనే వద్దన్నాను. నాన్న నవ్వుతారమ్మా అన్నాను."

గీజర్ పక్కన దారి ఇప్పుడు భయం లేని దారే. ఆవిడ స్టూలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, దిగండి, దిగండి అని పిలుస్తూనే ఉంది. అతనికి దిగడానికి కాళ్ళు రాలేదు.