కట్ట లేని కట్ట మైసమ్మ

నేను ఒక ప్లాస్టిక్ కుర్చీని. ఒకప్పుడు ఎర్రగా ఉండేదాన్ని. ఎండకు వెలిసి వెలిసి ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. చాలా ఏళ్లుగా నన్నొక అనుమానం పట్టుకుని ఉంది. ఇల్లు కొనడానికి వచ్చిన మనిషి ఆకాశం చూస్తాడు, దిక్కులు చూస్తాడు, ఫోనులో బొమ్మలు చూస్తాడు, పక్కన ఆగిన కారు ఎవరిదా అని చూస్తాడు. నేల మాత్రం ఎందుకు చూడడు? వంకాయలు కొనేటప్పుడు ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి పుచ్చు వెతికే మనుషులే వీళ్లు. జన్మంతా సంపాదించింది పోసి కొనేదాన్ని మాత్రం కింద ఏముందో అడగకుండా కొంటారు. నాలుగు కాళ్లూ నేల మీద ఆనించి బతికేదాన్ని కాబట్టి నాకే ఈ బాధ ఎక్కువేమో.

నగరం అంచున ఉన్న ఒక కార్ఖానాలో పుట్టాను. కొత్త సరుకుతో కాదు. పగిలిన బక్కెట్లు, మూతలు పోయిన డబ్బాలు, ఎవరి స్నానాల గదిలోదో ఒక మగ్గు, అన్నీ ముక్కలు చేసి, కరిగించి, అచ్చులో పోస్తే నేనయ్యాను. మనుషులకు పూర్వజన్మ గుర్తుండదంటారు. నాకు కొద్దిగా గుర్తుంది. ఎవరిని ఏ అచ్చులో పోయాలో భగవంతుడికి తెలుసు. పదిమందిని కూర్చోబెట్టే పుణ్యం నా నుదుట రాశాడు, అంతే.

మొదట మల్లేశం టెంట్‌హౌస్‌లో చేరాను. పెళ్లికీ నేనే, పెద్దకర్మకూ నేనే. పెళ్లిలో తలంబ్రాలు పోసుకుంటుంటే వెనక వరుసల్లో గజం ధర ఎంత పలుకుతోందో మాట్లాడుకునేవారు. కర్మలో పోయినాయన ఫోటోకు దండం పెట్టి వచ్చి నాలో కూర్చుని, ఆయన ఆ కార్నర్ ప్లాటు తొందరపడి అమ్మకుండా ఉంటే ఈపాటికి ఎంతయ్యేదో అనుకునేవారు. పోయిన మనిషి కంటే పోయిన ప్లాటు గురించే నిట్టూర్పులు బరువుగా ఉండేవి. బరువుల సంగతి నాకు తెలుసు.

కొన్నేళ్లకు మల్లేశం పాత కుర్చీలన్నీ కట్టగట్టి శ్రీశైలం అనే అతనికి అమ్మేశాడు. శ్రీశైలం ఫ్లాట్లు అమ్మే మనిషి. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, రెండు ఫోన్లు, నుదుట పెద్ద బొట్టు. నందన హైట్స్ అనే అపార్ట్‌మెంట్ కట్టబోయే చోట షామియానా వేసి, అందులో మమ్మల్ని వరుసగా పరిచాడు. హైట్స్ అన్నారుగానీ ఆ చుట్టుపక్కల అంతకంటే పల్లంగా ఉన్న స్థలం లేదు. రోడ్డు మీద నుంచి దిగుడు దిగి రావాలి. నేలంతా ఎర్ర మొరం పోసి చదును చేశారు. మొదటి రోజే నా ముందు ఎడమకాలు మొరంలోకి దిగబడింది. కింద ఏదో మెత్తగా, చల్లగా తగిలింది. శ్రీశైలం ఒక టైలు ముక్క తెచ్చి ఆ కాలి కింద పెట్టాడు. కూర్చునేవాడికి ఊగకపోతే చాలు, నేలతో పనేముంది?

ఆ ప్రాంతం అప్పుడప్పుడే డెవలప్ అవుతోంది. డెవలప్ కావడం అంటే ఏమిటో ఆ షామియానాలో కూర్చునే నేర్చుకున్నాను. ముందు వైన్ షాపు వస్తుంది. ఆ తర్వాత ఇంటర్నేషనల్ స్కూలు, దాని ఎదురుగా పళ్ల డాక్టరు. మురుగు కాలువ మాత్రం ప్లానులో ఉంటుంది. శ్రీశైలం లెక్కలో ఏదైనా పది నిమిషాలే. మెట్రో పది నిమిషాలు, ఆసుపత్రి పది నిమిషాలు, ఎయిర్‌పోర్టు కూడా పది నిమిషాలే. ఒక పెద్దాయన కూరగాయల మార్కెట్ ఎంత దూరం అని అడిగితే అదీ పది నిమిషాలే అన్నాడు. ఆయన నమ్మి నడుచుకుంటూ వెళ్లాడు. మళ్లీ కనబడలేదు.

కొనేవాళ్లలో రకాలున్నాయి. కొందరు కారు దిగేవారే కాదు. అద్దం దించి, ధర అడిగి, అద్దం ఎక్కించుకుని వెళ్లేవారు. కొందరు వాస్తు సిద్ధాంతిని వెంట తెచ్చుకునేవారు. ఆయన ఎటు నిలబడితే అటే తూర్పయ్యేది. ఇంకొందరు మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి, "ఇక్కడ మనోళ్లు ఉన్నరా?" అని అడిగేవారు. ఏ కులం వాళ్లు అడిగినా శ్రీశైలం జవాబు ఒక్కటే. "మొత్తం మీవోళ్లే సార్."

ఒక ఆదివారం భార్యాభర్తలు వచ్చారు. ఆయన రామచంద్రం, బస్సు డిపోలో మెకానిక్. ఆమె భూలక్ష్మి, ఇంట్లో మిషను కుడుతుంది. ఇద్దరిదీ జనగామ వైపు పల్లె. కొనే మనిషి ఎవరో, కాలక్షేపానికి వచ్చిన మనిషి ఎవరో నాకు కూర్చునే తీరులోనే తెలిసిపోతుంది. ఊరికే వచ్చినవాడు వెనక్కి వాలతాడు. నిజంగా కొనేవాడు అంచున కూర్చుంటాడు. రామచంద్రం నా అంచున కూర్చున్నాడు.

"కిరాయి ఇల్లు దసరా వరకు ఖాళీ చెయ్యాలె. ఇంటాయన అమ్ముకుంటున్నడు" అన్నాడు శ్రీశైలంతో. "మా దగ్గర ఉన్నది ఇంతే. పీఎఫ్ తీసిన, ఆమె పుస్తెలతాడు తప్ప అన్నీ అమ్మినం. ఇప్పుడు తప్పు చేస్తె మళ్ల కొనే వయసు లేదు."

"తప్పెట్లయితది సార్? ఇక్కడ కొన్నోళ్లంత ఇయ్యాల నాకు ఫోన్ చేసి థాంక్స్ చెప్తున్నరు" అన్నాడు శ్రీశైలం.

"ఇంక కట్టనే లేదు గద?" అంది భూలక్ష్మి.

"అందుకే థాంక్సమ్మా. కట్టినంక రేటు డబుల్ అయితది. వచ్చే ఆదివారం నుంచే పెరుగుతది."

రామచంద్రం తల ఊపుతూనే ఉన్నాడు. ఫ్లెక్సీ మీద నవ్వుతున్న కుటుంబాన్ని చూశాడు. వాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరి పోలికల్లోనూ లేరు. అయినా ఆయన ముఖంలోకి అదే నవ్వు వస్తోంది. శ్రీశైలం చివరి అస్త్రం తీశాడు. రోడ్డు వారగా ఉన్న చిన్న గుడి చూపించి, "అమ్మవారు పక్కనే సార్. కట్ట మైసమ్మ తల్లి. పవర్‌ఫుల్. గుడి పక్కన ఇల్లు దొరకాలంటె పెట్టి పుట్టాలె" అన్నాడు.

భూలక్ష్మి లేచి వెళ్లింది. గుడి ముందు చాలాసేపు చేతులు జోడించి నిలబడింది. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డును అటూ ఇటూ చూసుకుంటూ వచ్చింది.

"కట్ట ఏడుంది?" అని అడిగింది.

"ఏం కట్టమ్మా?" అన్నాడు శ్రీశైలం.

"ఆమె పోచమ్మ కాదు, ఎల్లమ్మ కాదు. కట్ట మైసమ్మ. చెరువు కట్ట మీద కూసుండే తల్లి. ఆమె ఉన్నదంటె కట్ట ఉండాలె. ఏది మరి?"

"అది ఉత్త పేరమ్మా. గిప్పుడు రాంనగర్ల రాముడుంటడా?"

భూలక్ష్మి నవ్వలేదు. "మనం దిగొచ్చిన రోడ్డే కట్ట. కట్టకు ఒక దిక్కు నీళ్లుంటయి, ఒక దిక్కు పొలాలుంటయి. మనం ఏ దిక్కున్నం అన్నా?"

శ్రీశైలం రెండో ఫోను మోగింది. అది అవసరమైనప్పుడే మోగే ఫోను.

"లేవే, పోదాం" అన్నాడు రామచంద్రం భార్యతో. ముఖం ఎర్రబడింది. రోడ్డు ఎక్కుతూ, "నలుగుర్ల ఇజ్జత్ తీస్తివి. దేవత పేరు పట్టుకొని ఎవలన్న ఇల్లు కొంటరా?" అన్నాడు.

"నువ్వు ఆ వైన్ షాపు పేరు పట్టుకొని అడ్రస్ అడుక్కుంట రాలేదా?" అంది ఆమె.

తర్వాతి ఆదివారం రామచంద్రం ఒక్కడే వచ్చాడు. చేతిలో గుడ్డసంచీ. ఇంట్లో చెప్పకుండా వచ్చాడని అడగకుండానే తెలిసింది, ఎందుకంటే అడగకముందే, "ఆమె కూడ ఒప్పుకున్నది" అన్నాడు. శ్రీశైలం కూల్‌డ్రింక్ తెప్పించాడు. కాగితం ముందు పెట్టాడు. రామచంద్రం సంతకం కోసం ముందుకు వంగాడు. రాత్రి వాన పడి ఉంది. నా కాలి కింది టైలు ముక్క పక్కకు జరిగింది.

నేను కావాలని చేశానా? ఆ సంగతి నన్ను అడగకండి. వంగిన మనిషి బరువంతా ఒక మూలకు వస్తే ఏ కుర్చీ అయినా ఏం చేస్తుంది? నా ఎడమకాలు మొరాన్ని చీల్చుకుని దిగింది, రామచంద్రం పక్కకు ఒరిగి పడ్డాడు. కూల్‌డ్రింక్ ఆయన చొక్కా మీద, ఆయన చెయ్యి బురదలో.

"కుర్చీ పాతదైంది సార్, ఏమనుకోకండ్రి. అరేయ్, సార్‌కు కొత్త కుర్చీ తెండ్రా" అని కేక వేశాడు శ్రీశైలం.

రామచంద్రం లేవలేదు. చేతికంటిన దాన్ని చూస్తున్నాడు. పైన ఎర్రగా ఉన్న నేల కింద నల్లగా, వెన్నలా ఉంది. అందులో గోరంత నత్తగుల్లలు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఎండాకాలంలో చెరువు అడుగున తవ్వి, బండికెత్తి, పొలానికి తోలిన మనిషి ఆ వాసన మరిచిపోడు.

"ఇది చెర్ల మట్టి గద శ్రీశైలం."

"మట్టి ఏదైతె ఏంది సార్, పైన గ్రానైట్ వేస్తున్నం గద."

రామచంద్రం సంచీ చంకన పెట్టుకుని, బురద కూడా తుడుచుకోకుండా రోడ్డెక్కి వెళ్లిపోయాడు. ఆ చొక్కా చూసి భూలక్ష్మి ఏమని ఉంటుందో ఊహించుకోవలసిందే. కుర్చీలను ఎవరూ ఇళ్లకు తీసుకుపోరు.

నందన హైట్స్ లేచింది. ఫ్లాట్లు దాదాపు అన్నీ అమ్ముడయ్యాయి, ధర నిజంగానే రెట్టింపయింది. శ్రీశైలం వచ్చినవాళ్లందరికీ ఆ కథ చెప్పి నవ్వించేవాడు. "దేవత పేరు చూసి ఫ్లాట్ వద్దని పోయింది సార్ ఒకామె. ఇయ్యాల రేటు తెలిస్తె ఆ తల్లి ముందే తల కొట్టుకుంటది." కొన్నవాళ్లు మనస్ఫూర్తిగా నవ్వేవారు. ఇంకొకరి తెలివితక్కువతనం విన్నప్పుడు మనుషులకు తమ సంతకం మీద ధైర్యం పెరుగుతుంది.

నన్ను సెల్లారులో కార్లు పెట్టుకునే చోట ఒక మూలకు చేర్చారు. అక్కడే ఉండిపోయేదాన్ని, రెండో ఏడు భాద్రపదంలో ఆ వాన రాకపోతే. పొద్దున మొదలై సాయంత్రానికీ ఆగలేదు. వాస్తు ప్రకారం ఈశాన్యంలో పెట్టిన గేటులోంచే నీళ్లు లోపలికి వచ్చాయి. దౌర్జన్యంగా రాలేదు. సొంత ఇంటికి వచ్చినట్టు, ఏ గది ఎక్కడుందో తెలిసినట్టు వచ్చాయి. కార్లు ముందు అరిచాయి, తర్వాత దీపాలు ఆర్పాయి, తర్వాత ఒకదానికొకటి నెమ్మదిగా గుద్దుకున్నాయి. నేను తేలాను. ఈత నేర్పినవాళ్లు లేరు. బక్కెట్ల జన్మ అలా అక్కరకొచ్చింది. ర్యాంపు మీదుగా బయటికి వచ్చి, గ్రౌండ్ ఫ్లోర్ కిటికీల పక్కనుంచి, ఎవరో మేడ మీద నుంచి ఫోనులో వీడియో తీస్తుండగా, గాలి తోసినవైపు పోయి పోయి గుడి మెట్టుకు తగిలి ఆగాను. నీళ్లు కూడా అక్కడే ఆగాయి. రోడ్డు పొడవునా గీత గీసినట్టు ఆగాయి. కట్ట ఎక్కడుందో అప్పుడు అందరికీ కనబడింది.

గుడి దగ్గర పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు అమ్మే సాయమ్మ నన్ను పైకి లాగి, కొంగుతో తుడిచి, అమ్మవారి దయ అనుకుని కూర్చుంది.

మర్నాడు జనం చూడటానికి వచ్చారు. అందులో రామచంద్రం, భూలక్ష్మి ఉన్నారు. వాళ్లిప్పుడు ఎదురుగా గుట్ట మీద పాత బిల్డింగులో, పై అంతస్తులో ఉంటున్నారట. రామచంద్రం నీళ్లవైపు చూస్తున్న చూపులో పండగకళ దాచినా దాగడం లేదు.

"ఒకరి కొంప మునిగితె సంబురమా నీకు?" అంది భూలక్ష్మి. "పసిపిల్లలున్నరయ్యా ఆ మేడ మీద."

ఆయన తల దించుకున్నాడు. పక్కనే శ్రీశైలం నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి ఉంది. చొక్కా మాత్రం ఇస్త్రీదే. "ఈ ఆదివారం వద్దు సార్, క్లీనింగ్ నడుస్తుంది. పై ఆదివారం రండి. వరదకు కూడ చెక్కు చెదరని బిల్డింగ్ సార్. టెస్టెడ్." ఫోను పెట్టేసి రామచంద్రాన్ని గుర్తుపట్టాడు.

"సార్, మీరా? ఏడ తీస్కున్నరు?"

"గుట్ట మీద."

"లిఫ్ట్ ఉన్నదా?"

"లేదు."

"మోకాళ్లు పైలం సార్, జాగ్రత్త."

"నీళ్లల్ల నడిచెటోళ్లవి కూడ పైలమే అన్నా" అంది భూలక్ష్మి.

నాకు అక్కడ ఒక సందేహం వచ్చింది. నందన హైట్స్‌లో అడుగుపెట్టిన ప్రతి కుటుంబమూ ఆ తల్లికి దండం పెట్టే అడుగుపెట్టింది. బోనం ఎత్తినవాళ్లున్నారు, గుడికి రంగులు వేయించినవాళ్లున్నారు. మరి ఆమె ఒక్క భూలక్ష్మికే చెప్పి మిగతావాళ్లకు చెప్పలేదా? దేవత పక్షపాతం చూపుతుందని నేను అనలేను. అందరికీ చెప్పింది. పేరుతోనే చెప్పింది. వాళ్లు ఆ పేరును గేటు మీద 'కట్ట మైసమ్మ దీవెన' అని రాయించుకున్నారు, అంతే.

భూలక్ష్మి సాయమ్మ దగ్గరికి వచ్చి ఒక కొబ్బరికాయ తీసుకుంది. "మొదలు వచ్చిన దినం నీ దుకాణం బంద్ ఉండె. ఉత్త చేతులతోని దండం పెట్టి, ఇల్లు దొరికినంక కాయ కొడత అని అమ్మకు చెప్పిన. ఇల్లు దొరికింది. ఈయన ఇటు దిక్కు రానియ్యలే. రేటు పెరిగినప్పుడల్ల ఒక దినం అన్నం తినకపోతుండె. గట్ల రెండేండ్లు బాకీ పడ్డ."

"ఇయ్యి, నేను కొడత" అన్నాడు రామచంద్రం.

సాయమ్మ నా మీద నుంచి లేచి దారి ఇచ్చింది. ఆయన చెప్పులు విప్పి, మెట్టు ముందు వంగి, కాయను రాతికేసి కొట్టాడు. మొదటి దెబ్బకు పగలలేదు. రెండో దెబ్బకు సరిగ్గా రెండు చెక్కలయింది. నీళ్లు రాతి మీద పడి, ఒక్క క్షణం తటపటాయించి, మెట్టు దిగి నందన హైట్స్ వైపే పారాయి.