మూడో పిలుపు

జ్ఞానప్రసూన గారికి వాట్సాప్‌లో పిలవడం నచ్చదు. కూతురు నైనిక దగ్గర ఆర్నెల్లు ఉండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చిన మనిషి, అమెరికాలో, పార్సిప్పనీలోని మా అపార్ట్‌మెంట్లలో కూడా గుమ్మం గుమ్మానికీ వెళ్లి, బొట్టు పెట్టే పిలుస్తారు. వరలక్ష్మీవ్రతానికి అలాగే వచ్చారు. దసరాకి బొమ్మల కొలువుకీ వచ్చారు. రెండుసార్లూ నేను తలుపు సగమే తెరిచి, "దూరంగా ఉన్నానాంటీ" అన్నాను. ఆవిడ కుంకుమ భరిణె మూత పెట్టేసి, "పర్లేదమ్మా" అని వెళ్లిపోయారు.

నవంబర్‌లో మూడోసారి వచ్చారు. నైనికకి సీమంతం. చేతిలో అదే వెండి భరిణె, పట్టుచీర మీద అల్లుడి పాత జాకెట్.

"ఆంటీ, నేను..." అని మొదలుపెట్టాను.

"ఏమిటే శ్రీవిద్యా, పండగలన్నీ నీ డేట్ చూసుకుని వస్తున్నాయా?"

నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వు ఆపేశారు.

"పిల్లల్లేని నన్ను సీమంతానికి పిలిచిందేమిటి అనుకుంటున్నావా? నాకలాంటి పట్టింపుల్లేవు. రావడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు."

"అయ్యో, అది కాదాంటీ. నిజంగానే."

"నిజంగానే అంటే? ఎప్పుడు మొదలైంది?"

"వ్రతమప్పుడు. మధ్యలో తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. పూర్తిగా ఆగలేదు."

ఈ మాట పైకి అనడం అదే మొదటిసారి. మా ఆయన రఘు డాలస్‌లో ప్రాజెక్టు మీద ఉన్నాడు, వీలైన వీకెండ్‌కి వస్తాడు. మొదట హెచ్‌-వన్‌ వీసా తేలనీ అని, తర్వాత గ్రీన్‌కార్డ్ రానీ అని పిల్లల్ని వాయిదా వేశాం. ముప్ఫై ఏడు దాటాక అది మా చేతుల్లో లేకుండా పోయింది. నాకు కాలేజీ రోజుల నుంచీ నెలసరి క్రమంగా రాదు. రాకపోతే ఆశ. వస్తే రఘు నా భుజం మీద చెయ్యి వేసి, "పర్లేదులే, వచ్చే నెల చూద్దాం" అనేవాడు. మా ఇంట్లో దానికి ఆ రెండే అర్థాలు. మూడో అర్థం ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు.

జ్ఞానప్రసూన గారు చెప్పులు విప్పి లోపలికొచ్చారు. నేను వెనక్కి జరుగుతుంటే గడ్డం పట్టుకుని బొట్టు పెట్టారు.

"మా ఇంటికి వచ్చినా రాకపోయినా సరే. డాక్టర్ దగ్గరికి వెళ్లు. రేపే ఫోన్ చెయ్యి."

ఇంటికి వెళ్లి ఆవిడ తలస్నానం చేసే ఉంటారు. చేసినా నాకేమీ అనిపించలేదు.

గర్భాశయం లోపలి పొరలో క్యాన్సర్ అని తేలింది. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. గర్భం ఉన్నన్నాళ్లూ ఆ పొర నెలనెలా పెరిగి రాలే పని నుంచి బయటపడుతుందట. నాకు అలాంటి విరామం ఒక్కసారీ దొరకలేదు. పైగా నెలసరి క్రమంగా లేకపోవడంతో, పెంచే హార్మోనే తప్ప ఆపే హార్మోను దానికి సరిగా అందలేదు. ఈమధ్య ఆడవాళ్లు ఆలస్యంగా కనడం, ఒకరితో ఆపేయడం, అసలు కనకపోవడం ఎక్కువైన కొద్దీ ఇలాంటివీ ఎక్కువగా చూస్తున్నామంది. "పిల్లలున్నవాళ్లకీ వస్తుంది. ఇది మీ తప్పు కాదు" అని కూడా అంది.

"ఒక్క ఏడాది ఆగితే?" అని అడిగాను.

ఆమెకి అర్థమైంది. "చాలా తొలిదశలో అయితే హార్మోన్ మందులిచ్చి చూసేవాళ్లం. మీది కండరంలోకి దిగింది. గర్భాశయం తీసెయ్యాలి."

పార్కింగ్‌లో కారులో కూర్చునే రఘుకి ఫోన్ చేశాను. "నువ్వు బాగుంటే చాలు" అన్నాడు. సరైన మాటే.

సీమంతానికి వెళ్లలేదు. బాల్కనీలోంచి చూస్తే కింద పట్టుచీరలు, పసిపిల్లల స్ట్రోలర్లు, ఎవరో పెద్దగా నవ్వడం. సాయంత్రం జ్ఞానప్రసూన గారు పులిహోర, ఆకుపచ్చ గాజులు తెచ్చి, గాజులు తనే నా చేతికి ఎక్కించారు. సీమంతం గాజులు నాకెందుకని ఆవిడా అనుకోలేదు, నేనూ అనలేదు.

ఆపరేషన్ రోజు రఘు నన్ను హాస్పిటల్ గుమ్మం దగ్గర దింపి కారు పార్క్ చేయడానికి వెళ్లాడు. లోపల నర్సు నా చేతికి చిన్న ప్లాస్టిక్ కప్పు ఇచ్చింది.

"ప్రెగ్నెన్సీ టెస్ట్. ఆపరేషన్‌కి ముందు తప్పకుండా చేస్తాం" అంది.

కప్పు నింపి ఇచ్చి వచ్చి మంచం అంచున కూర్చున్నాను. ఆ ఎదురుచూపు నాకు కొత్త కాదు. మా బాత్రూమ్‌లో టబ్ అంచున అలా ఎన్నిసార్లు కూర్చున్నానో. ఇక్కడ కూడా, వద్దనుకుంటూనే, తలుపు వైపే చూస్తున్నాను.

నర్సు నవ్వుతూ వచ్చింది. "నెగటివ్. ఇక ఏ ఇబ్బందీ లేదు. గాజులు మాత్రం తీసెయ్యాలి."

ఆమె వెళ్తుంటే రఘు లోపలికొచ్చాడు. "ఏమంది?"

"నెగటివ్."

అతని చెయ్యి అలవాటుగా నా భుజం మీదికి వచ్చింది. "పర్లేదులే, వచ్చే..." అన్నాడు.

అక్కడ ఆగిపోయాడు. భుజం మీద చెయ్యి అలాగే ఉంది. నేను గాజులు ఒక్కొక్కటిగా తీసి అతని రెండో చేతిలో పెట్టాను.