అక్క బరువు, తమ్ముడి బరువు

నేను ఒక బరువు చూసుకునే మిషన్‌ని. అడుగు చదరం గాజుపలక, దాని కింద నాలుగు పొట్టి కాళ్ళు, ముందువైపు అంకెలు కనపడే చిన్న కిటికీ. నా శరీరం ఇంతే. నా మీదికెక్కిన మనిషి ఎంత ఉన్నాడో చెప్పగలను. ఎందుకంత ఉన్నాడో చెప్పలేను.

ఫ్యాక్టరీలో నా మీద ఇరవై కిలోల ఇనపగుండు పెట్టి చూశారు. ఇరవై అన్నాను. సరేనని ఆకుపచ్చ చీటీ అంటించి పెట్టెలో పెట్టేశారు. ఆ తరవాత ఒక్కసారి చెప్తే నన్ను నమ్మినవాళ్ళు లేరు. మనుషులు ఒకసారి ఎక్కుతారు, దిగుతారు, చేతి గడియారం తీసేసి మళ్ళీ ఎక్కుతారు. రెండు అంకెల్లో తక్కువదాన్ని నిజమనుకుని వెళ్ళిపోతారు.

నన్ను మొదట కొన్నది పాలకొల్లులో బ్యాంకు ఉద్యోగం చేసే ప్రసన్నకుమార్. జనవరి ఒకటో తారీఖున కొన్నాడు. పదకొండు రోజులు ఎక్కాడు. పన్నెండో రోజునుంచి రెండేళ్ళపాటు నేను మంచం కింద ఉన్నాను. బదిలీ అయి వెళ్ళిపోతూ, తను రోజూ భోంచేసే మెస్ యజమానికి నన్ను ఇచ్చేశాడు.

"మీ కూరల వల్లే దీన్ని కొనాల్సొచ్చింది ముత్యాలరావుగారూ. మీ దగ్గరుండటమే న్యాయం" అన్నాడు.

ముత్యాలరావుకి నలభైమూడేళ్ళు. కింద మెస్, పైన ఇల్లు. వంట తనే చేస్తాడు, వడ్డన భార్య భూలక్ష్మి చూసుకుంటుంది. నన్ను వంటింటి గుమ్మం పక్కన, మెట్ల కింద పెట్టారు. అయితే నన్ను పుచ్చుకున్నది తన కోసం కాదు, అక్క సీతారత్నం కోసం.

సీతారత్నం స్కూలు టీచరు. భర్త పోయాక తమ్ముడింట్లోనే ఉంటోంది. నేనొచ్చేటప్పటికి రెండేళ్ళ ముందే ఆమె కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడుసార్లు భీమవరం వెళ్ళి డయాలసిస్ చేయించుకునేది. ఒంట్లో చేరిన నీళ్ళు బయటికి పోయే దారిలేదు కనక, రోజూ పొద్దున్నే బరువు చూసుకోమన్నారు. డయాలసిస్ అయి వచ్చిన మర్నాడు నలభైఏడు. తరవాతి రోజుకి నలభైఎనిమిదిన్నర. ఆ కిలోన్నరా నీళ్ళే. అంకె పెరిగితే ఆమె మొహం మాడిపోయేది. రోజుకి లీటరు దాటి తాగకూడదు, ఉప్పు నామమాత్రం, టమాటా వద్దు, కొబ్బరినీళ్ళు అసలే వద్దు.

ఎవరైనా కిడ్నీ ఇస్తే తప్ప ఇది ఇలాగే సాగుతుందన్నారు డాక్టర్లు. తమ్ముడి రక్తం సరిపోయింది. విజయవాడలో పెద్దాసుపత్రికి వెళ్ళి నాలుగు రోజులుండి పరీక్షలన్నీ చేయించుకున్నాడు. సుగర్ లేదు, బీపీ లేదు, గుండె బాగుంది. చివరికి డాక్టరమ్మ అన్న మాటని మెట్ల మీద కూర్చుని అక్కకి చెప్పాడు.

"నూటెనిమిది కిలోలతో ఆపరేషనంటే నాకూ ప్రమాదమేనంటక్కా. ఆ తర్వాత ఒక్క కిడ్నీతో బతకాల్సినోడివి, తొంభైరెండుకి దిగిరా అంది."

రెండు నెలలు కాలువగట్టు మీద నడిచాడు. నూటెనిమిది నూటఆరయింది, అక్కడే ఆగిపోయింది. ఆగకేం చేస్తుంది? అతను ప్రతి కూరా అరచేతిలో వేసుకుని రుచి చూసి గానీ దించడు. రొయ్యల ఇగురైతే రెండుసార్లు చూస్తాడు. అప్పుడు డాక్టరమ్మ వారానికోసారి పొట్ట మీద వేసుకునే ఇంజెక్షను రాసింది. ఆకలి తగ్గిస్తుంది, నెలనెలా మోతాదు పెంచుతాను, వాంతులు ఆగకపోతే వెంటనే ఫోను చెయ్యండి, నీళ్ళు మాత్రం బాగా తాగండి అని మరీమరీ చెప్పింది.

పెన్నులా ఉండే ఆ మందు ఫ్రిజ్ తలుపులో కరివేపాకు పక్కన చేరింది. మొదటి ఆదివారం ముత్యాలరావు చొక్కా పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. సూది వేసింది సీతారత్నమే.

"రోజు మార్చి రోజు నాకు పొడిచే సూదుల ముందు ఇది ఏపాటిదిరా. అయిపోయింది, కళ్ళు తెరువు."

భూలక్ష్మి గుమ్మంలో నిలబడి చూసింది. వదిన పైకి వెళ్ళాక భర్తతో అంది: "వదినకి ఇవ్వద్దని నేననను. కానీ మీకేవన్నా అయితే నేనెవరి మొహం చూడాలండీ?"

"ఏమీ అవదన్నారు కదే."

"వాళ్ళలాగే అంటారు."

రెండో నెలకి నా మీద అంకె నూటరెండు. అప్పటికి అతనికి ఉదయం రెండు ఇడ్లీలే ఎక్కువయ్యాయి. తాలింపు వాసనకి కడుపులో తిప్పేది, మాటిమాటికీ తేన్పులు వచ్చేవి. నాకు విచిత్రంగా తోచిన సంగతి ఇంకొకటుంది. నీళ్ళు బాగా తాగాల్సినవాడు వంటింటి తలుపు చాటుకి వెళ్ళి, అక్క చూడకుండా చెంబెత్తి తాగేవాడు. ఒకరోజు ఆమె కనిపెట్టింది.

"నా ముందే తాగరా. నువ్వు తాగుతుంటే చూడ్డానికి బాగుంటది" అంది.

ఆ తరవాత ఆమె ముందే తాగాడు. ఆమె చూస్తూ కూర్చునేది.

చిక్కు మెస్‌లో వచ్చింది. నోట్లో పెట్టుకోబుద్ధికాని మనిషి రుచి ఎలా చూస్తాడు? అంచనా మీద ఉప్పు వెయ్యడం మొదలుపెట్టాడు. ఒక గురువారం పప్పుచారులో ఉప్పు రెండింతలు పడింది. పదేళ్ళుగా అక్కడే తింటున్న ఒక లాయరు సగం విస్తట్లో లేచి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు రాలేదు. ముత్యాలరావు ఆ పూట గిన్నెలు తోముతూ అక్కతో అన్నాడు: "ఆకలెయ్యకపోతే పోనీగాని, ఇది నా మెస్‌లా లేదక్కా. పరాయూరి హోటల్లో కూచున్నట్టుంది."

మర్నాడు ఉదయం సీతారత్నం స్కూలుకి తయారై కిందికొచ్చింది. కుర్చీ లాక్కుని పొయ్యి పక్కన కూర్చుంది. గరిటె అంచు నుంచి ఒక్క బొట్టు వేలి మీద వేసుకుని నాలుకకి అద్దుకుంది.

"ఉప్పు చాలు. చింతపండు ఇంకాస్త పడాలి."

రెండేళ్ళుగా ఉప్పు లేని తిండి తిన్న నాలుక అది, రవ్వంత తేడా పట్టేసేది. ప్రతి కూరకీ ఒక్క బొట్టు. డయాలసిస్ డాక్టరుని అడిగి మరీ చేసింది ఆ పని. చేపల పులుసు రోజున మాత్రం ఆ ఒక్క బొట్టునీ చాలాసేపు నోట్లోనే ఉంచుకునేది. ఏమైనా తినగలిగినవాడికి ఏదీ అక్కర్లేదు, అన్నీ కావాలనిపించినామెకి ఏదీ కూడదు. ఇద్దరూ కలిసి ఊళ్ళోవాళ్ళకి వండిపెట్టారు. లాయరు మూడోవారం తిరిగొచ్చాడు.

ఎనిమిదో నెల చివర నేను తొంభైఒకటిన్నర చెప్పాను. ముత్యాలరావు దిగి, మళ్ళీ ఎక్కాడు. అంకె తగ్గేలా గోడకి చెయ్యి ఆన్చలేదు. విజయవాడలో ఆపరేషన్ తారీఖు ఇచ్చారు. కానీ మత్తు ఇచ్చేటప్పుడు కడుపు ఖాళీగా ఉండాలి. ఈ మందు తిన్నదాన్ని కడుపులోనే ఎక్కువసేపు ఉంచుతుంది కాబట్టి, మూడు వారాల ముందే ఇంజెక్షను ఆపెయ్యమన్నారు.

మొదటి వారం ఏమీ తెలియలేదు. రెండోవారం ఆకలి వచ్చింది. ఎనిమిది నెలలపాటు ఎక్కడో ఉండి, ఒక్కసారిగా ఇంటికొచ్చిన మనిషిలా వచ్చింది. ముత్యాలరావు తాలింపు వేస్తూ గుటకలు మింగేవాడు. శనివారం తొంభైరెండూ ముప్పావు. ఆదివారం తొంభైమూడు. అతను నా మీద నిలబడి కిందికి చూస్తూ చాలాసేపు దిగలేదు.

ఆ రోజు అతను బజారుకి వెళ్ళాక, భూలక్ష్మి మెట్ల మీద వదిన పక్కన కూర్చుంది.

"నిన్న పులుసన్నం నేనే పెట్టాను వదినా. మొన్న కూడా. ఆయన అడగలేదు. ఎదురుగా పెడితే కాదనలేరని తెలిసే పెట్టాను."

సీతారత్నం మోకాళ్ళ మీద చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"భయంతో పెట్టావు. నీ చోట నేనున్నా పెడుదునేమో. చూడు భూలక్ష్మీ, నీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. నాకే భయమేస్తోందని, ఆపరేషనొద్దని నేనే వాడితో అనేస్తాను. నీ పేరు బయటికి రాదు. నేను డయాలసిస్‌తో ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళుంటాను."

"ఎన్నాళ్ళుంటారు వదినా?"

"నాకేం తెల్సు?"

భూలక్ష్మి కాసేపటికి లేచి లోపలికెళ్ళింది. ఆ మధ్యాహ్నం ముత్యాలరావు విస్తరి ముందు కూర్చుంటే, రెండు గుడ్లు, ఒక గరిటె అన్నం, బోలెడంత సొరకాయ కూర వడ్డించి, ఎదురుగా కూర్చుంది. అతను వంటింటివైపు చూశాడు.

"అటు చూడకండి. ఇది తినండి. సాయంత్రం గట్టు మీదకి నేనూ వస్తాను" అంది.

మిగిలిన పది రోజులూ మెస్‌లో పొయ్యి దగ్గర ఆమే నిలబడింది. అతన్ని వంటింట్లోకి రానివ్వలేదు. రుచి చూసేది వదిన, వండేది ఆమె.

ఆసుపత్రి సంగతి నేను చూసింది కాదు, తరవాత విన్నది. అక్కడి మిషన్ తొంభైఒకటీ తొమ్మిది వందల గ్రాములు చూపించిందట. దాత భార్య సంతకం కావాలని కాయితం చేతికిస్తే, భూలక్ష్మి మొదటినుంచి చివరిదాకా చదివి, అర్థంకాని రెండుచోట్ల డాక్టరమ్మని అడిగి, అప్పుడు పెట్టిందట. అక్క ఇంకా ఆపరేషను బల్ల మీదుండగానే తమ్ముడి కిడ్నీ ఆమె ఒంట్లో పనిచెయ్యడం మొదలుపెట్టిందట. ఆ నెలంతా మెస్‌కి తాళం. నా మీద దుమ్ము తప్ప ఏ బరువూ లేదు.

ఇదంతా జరిగి ఏడాది కావస్తోంది. ముత్యాలరావు మళ్ళీ తొంభైఆరుకి ఎక్కాడు. ఒక్క కిడ్నీ మీద అంత భారం వద్దని డాక్టరమ్మ తక్కువ మోతాదులో ఇంజెక్షను మళ్ళీ మొదలుపెట్టింది. మందు లేకుండా తనంతట తాను తగ్గలేకపోయానని అతనికి కొంచెం చిన్నతనంగా ఉంది. మందు ఆపితే ఆకలి తిరిగిరావడం మనిషి తప్పు కాదని ఆమె చెప్పిందట. నాకు అందులో తప్పూ ఒప్పూ తెలియవు. తొంభైఆరంటే తొంభైఆరంటాను.

మొన్న పొద్దున సీతారత్నం అలవాటుగా నా మీదికెక్కింది. యాభైఒకటి అన్నాను. ఆమె అక్కడే నిలబడి కేకేసింది: "భూలక్ష్మీ, ఒకసారిలా రా."

భూలక్ష్మి పిండిచేత్తోనే వచ్చింది. అంకె చూసి ఆమె మొహం తెల్లబోయింది.

"నలభైఏడుండేవారు, నాలుగు కిలోలు పెరిగారేంటి వదినా. మళ్ళీ నీళ్ళు చేరాయా?"

సీతారత్నం వంగి, మడమ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. నీరు చేరితే పడే గుంట పడలేదు.

"నీళ్ళు కాదే" అంది. "అన్నం."