నీళ్ళ మాస్టర్

"తల దించండి" అని నీళ్ళ మాస్టర్ మూడోసారి అన్నాడు. దారిన పోతూ సెలూన్‌లోకి వచ్చి కూర్చున్న ఆ అమ్మాయి తల దించే ఉంది. అయినా అనడం అతని అలవాటు. స్ప్రే బాటిల్ నొక్కి, భుజాల దాకా ఉన్న ఆమె వంకీల జుట్టును మెడకు అంటుకుపోయేలా తడిపాడు. దువ్వెనతో బిగలాగి, రెండు వేళ్ళ మధ్య పట్టి, గీత గీసినట్టు కత్తిరించాడు. పొడి జుట్టు మాట వినదని అతని సిద్ధాంతం. నిజానికి అది అతనిది కూడా కాదు, పని నేర్పిన మేనమామది. ఆ మేనమామ జీవితమంతా తిన్నని జుట్టున్న మగవాళ్ళకే క్షవరం చేశాడన్న సంగతి ఈ మహానుభావుడికి ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

వంకీల జుట్టు తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అదైనా అంతా ఒకేలా ముడుచుకోదు, ఒక పాయ ఎక్కువ, ఒక పాయ తక్కువ. ఈ ముక్క సెలూన్ ఊడ్చే ఆవిడక్కూడా తెలుసు. మాస్టర్‌కి తెలియదు. అతను దాన్ని దానంతట అది ఆరనిచ్చిందెప్పుడు? కత్తిరించగానే డ్రయ్యర్, ఆపైన వేడి ఇస్త్రీ పెట్టి, జుట్టును చీపురు పుల్లల్లా చేసి అద్దం చూపించేవాడు. అంచు తిన్నగా ఉండేది. ఇంట్లో తలస్నానం చేశాక ఏమయ్యేదో అతనికి అక్కర్లేదు. ఒక వైపు పైకి లేచిపోయిందని ఎవరైనా తిరిగొస్తే "మీ జుట్టే అంత" అనేవాడు. తన చేతిని అనుమానించడమన్నది ఆ మనిషి ఒంట్లోనే లేదు.

భార్యదీ వంకీల జుట్టే. పెళ్ళైన కొత్తలో ఒకసారి కత్తిరించనిచ్చింది. ఆ తర్వాత మళ్ళీ జడ విప్పి అతని ముందు కూర్చోలేదు. సిగ్గు అనుకున్నాడు.

ఆరు నెలల కిందట వచ్చిన కొత్తమ్మాయి పొడి జుట్టునే పాయలు పాయలుగా కత్తిరిస్తుంది. అది చూసి మాస్టర్ ముక్కుతో నవ్వేవాడు. అతను నవ్వుతుండగానే అతని దగ్గరికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఆమె కుర్చీలోకి జరిగిపోయారు. నిన్న యజమానురాలు మొహమాటపడుతూ చెప్పింది.

"మాస్టర్, మీకోసమని వచ్చేది ఇక లైబ్రరీలో పనిచేసే ఆవిడ ఒక్కరే. రేపు ఆవిడ కూడా అటు కూర్చుంటే, కిటికీ పక్కనున్న మీ కుర్చీ ఆ కొత్తమ్మాయికి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకండి."

"ఆవిడా? ఇరవై రెండేళ్ళుగా ఆ తల మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదండీ."

మధ్యాహ్నం లైబ్రరీ ఆవిడ వచ్చింది. యాభై దాటిన నెమ్మదైన మనిషి. తిన్నగా వచ్చి అతని కుర్చీలోనే కూర్చుంది. మాస్టర్ యజమానురాలి వైపు చూశాడు. ఆ చూపులోని బడాయికి సెలూన్ చాల్లేదు.

"ఈసారి నీళ్ళు కొట్టకండి మాస్టర్. పొడిగానే కత్తిరించండి" అందావిడ.

"ఎందుకండీ?"

"ఇన్నాళ్ళూ ఇంటికెళ్ళి తలస్నానం చేశాక, మా చెల్లెలు నన్ను వంటింట్లో కూర్చోబెట్టి సరిచేసేది. ప్రతిసారీ. అది పోయి నెలన్నరైంది. ఇక సరిచేసేవాళ్ళు లేరు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకొచ్చినట్టు?"

"మీరు నన్నేమీ అడిగేవారు కాదు. ఆ అరగంట హాయిగా ఉండేది. ఇంటికెళ్ళాక, అదీ నేనూ మీ కత్తిరింపు చూసి నవ్వుకునేవాళ్ళం. చాలా నవ్వుకునేవాళ్ళం."

బుద్ధున్నవాడైతే అక్కడ ఒక్క 'అయ్యో' అనేవాడు. పొడి జుట్టు మీద కత్తెర ఆనించి ఉన్నా కుర్చీ దక్కేది. మాస్టర్ చెవిలో పడింది నవ్వుకున్నారన్న ముక్క ఒక్కటే. స్ప్రే బాటిల్ అందుకుని నొక్కాడు. నీళ్ళు ఆవిడ జుట్టు మీద, చెంప మీద పడ్డాయి.

ఆవిడ కాసేపు అద్దంలో అతణ్ణి చూసింది. మెడకు కట్టిన గుడ్డ తనే విప్పుకుని, లేచి, కొత్తమ్మాయి కుర్చీలో కూర్చుంది.

కొత్తమ్మాయి తువ్వాలుతో తడి అద్ది, జుట్టు ఆరేదాకా ఆగింది. తర్వాత ఒక్కో పాయను లాగకుండా, దాని వంపు దగ్గర పట్టుకుని కత్తిరించింది. మాస్టర్ వెక్కిరిద్దామనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నలభై నిమిషాలు నిలబడ్డాడు. చివరికి జుట్టు ఏ ఇస్త్రీ లేకుండా, వంకీ పక్కన వంకీగా, భుజాల మీద కుదురుగా కూర్చుంది. ఇరవై రెండేళ్ళు చేత్తో పట్టుకున్న జుట్టు అసలు ఎలా ఉంటుందో అతను అప్పుడే చూశాడు. బాగుంది. అది ఒప్పుకోవడం అతనికి పన్ను పీకించుకున్నంత బాధగా ఉంది.

ఆవిడ తల తడుముకుని కళ్ళు తుడుచుకుంది. "మా చెల్లెలు ఇలాగే చేసేది" అంది.

సాయంత్రం మాస్టర్ కత్తెరలూ దువ్వెనలూ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

"రేపు వస్తారుగా? మూల కుర్చీ ఖాళీగానే ఉంది" అంది యజమానురాలు.

"చూస్తానండీ."

ఆ 'చూస్తాను' అంటే రానని ఇద్దరికీ తెలుసు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే అతనికి భార్య జడ గుర్తొచ్చింది. అది సిగ్గు కాదని ఇన్నేళ్ళకు తట్టింది. ఒక చెప్పు కాలికి, ఒకటి నేల మీద ఉండగా కొంతసేపు అలాగే నిలబడి, తర్వాత వీధిలోకి దిగాడు.

కిటికీ పక్క అర మీద స్ప్రే బాటిల్ ఉండిపోయింది. అందులో ఇంకా సగం దాకా నీళ్ళున్నాయి.